ఐదు లక్షలకు గోడలు లేస్తాయి, జాగ ఎక్కడిది?

ఇల్లు కట్టుకునేందుకు ప్రభుత్వం ఐదు లక్షలిచ్చే ఇందిరమ్మ ఇళ్ల పథకం లిస్టులు మొదలైనప్పటి నుంచి వరంగల్ బస్తీల్లో ఎల్1, ఎల్2, ఎల్3 అనే మాటలు రేషన్ కార్డు అన్నంత మామూలుగా వినిపిస్తున్నాయి. సొంత జాగ ఉండి పక్కా ఇల్లు లేనివాళ్లు ఎల్1. జాగా లేదు, ఇల్లూ లేదు అన్నవాళ్లు ఎల్2. ఇప్పటికే ఇల్లు ఉండడం వంటి కారణాలతో అర్హత కుదరనివాళ్లు ఎల్3. మొదటి విడతలో మంజూరు పత్రాలు ప్రధానంగా ఎల్1 వాళ్ల చేతికే వచ్చాయి. కరీమాబాద్‌లోనో కాశిబుగ్గలోనో కిరాయికుండే కుటుంబం, "జాగ ఉన్నోళ్లకు ఇచ్చి, ఏమీ లేనోళ్లను వెనకేసుడేంది?" అని అడుగుతోంది. అడగాల్సిన ప్రశ్నే. అయితే దీనికి జవాబు పథకం నిబంధనల్లో కన్నా, ఇంటి ధర ఎక్కడెక్కడ పెరుగుతుందన్న లెక్కలో ఎక్కువ దొరుకుతుంది.

ఇంటి ఖరీదులో నాలుగు ముక్కలుంటాయి: జాగ ధర, కట్టే ఖర్చు, పన్నులూ అనుమతులూ, అప్పు మీద వడ్డీ. ప్రభుత్వం ఏ పథకం తెచ్చినా, ఏ చట్టం చేసినా వీటిలో ఏదో ఒక ముక్కనే తాకుతుంది. ఏది దేన్ని తాకుతోందో చూడకుండా పథకం మంచిదా చెడ్డదా అని వాదించుకుంటే తెల్లారినా తెగదు.

జీతంతో మొదలుపెట్టి ఇంటి దాకా

"అందుబాటు ధర" అన్న మాటకు అర్థం ఇంటి ధరలో లేదు, కొనేవాళ్ల సంపాదనలో ఉంది. నెలకు 40 వేలు వచ్చే కుటుంబాన్ని తీసుకుందాం. భర్త ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్ అనుకోండి. ఆదాయంలో 40 శాతం దాకా ఈఎంఐ కట్టగలరంటే నెలకు 16 వేలు. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుకు లక్ష రూపాయల అప్పు మీద ఈఎంఐ సుమారు 868 రూపాయలు. ఆ లెక్కన వీళ్లకు వచ్చే అప్పు 18 లక్షల 40 వేలు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు అప్పుల్లో బ్యాంకు గరిష్ఠంగా ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే వీళ్లు చూడగలిగిన ఇల్లు దాదాపు 20 లక్షల 50 వేలది. చేతి నుంచి పెట్టాల్సిన రెండు లక్షలకు తోడు తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మరో లక్షన్నర. దాన్ని సాధారణంగా బ్యాంకు అప్పులో కలపదు.

ఇక పన్ను చట్టం దృష్టిలో అందుబాటు ఇల్లు ఏదో చూడండి. జీఎస్టీలో 2019 ఏప్రిల్ నుంచి 45 లక్షల లోపు ధర, హైదరాబాద్ లాంటి మెట్రోల బయట 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా (గోడల మధ్య వాడుకునే నేల) ఉన్న ఇంటిని "అఫర్డబుల్" అంటారు. కట్టే దశలో కొంటే పన్ను 5 శాతం బదులు 1 శాతమే. 45 లక్షల ఇంటికి 36 లక్షల అప్పు తీస్తే ఈఎంఐ 31 వేలు దాటుతుంది. ఇందాకటి కొలతతోనే చూస్తే ఇంట్లోకి నెలకు 78 వేలు రావాలి. వరంగల్‌లో ఎన్ని ఇళ్లలోకి వస్తున్నాయి? చట్టం అందుబాటు అన్నదానికీ, ఆ ల్యాబ్ టెక్నీషియన్ ఇంటికి అందేదానికీ మధ్య రెండింతలకు పైగా తేడా ఉంది.

హన్మకొండ శివారు, పరకాల దగ్గరి ఊరు

జాగ ధర ఎంత బరువో తెలియాలంటే ఒకే ఇంటిని రెండు చోట్ల కట్టి చూడాలి. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి, ఎవరి వెంచర్ రేటూ కాదు. 800 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,800 చొప్పున 14 లక్షల 40 వేలు. పరకాల దగ్గరి ఊళ్లో తండ్రి పంచిచ్చిన జాగలో కడితే ఖర్చు అంతటితో సరి. అదే ఇల్లు హన్మకొండ శివారులో 100 గజాలు కొని కట్టాలంటే, గజం 15 వేలనుకున్నా జాగకే 15 లక్షలు. మొత్తం 29 లక్షల 40 వేలు. సిమెంటు, సలాక, మేస్త్రీ కూలి రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. తేడా అంతా కాళ్ల కింది మట్టిదే.

2025 సెప్టెంబరులో సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కట్టేవాళ్లకు అది మేలే. కానీ ఆ తగ్గింపు జాగ ముక్కను తాకదు. నగరంలో ఉన్నవాళ్లకు దాని చలవ తక్కువగా తెలిసేది అందుకే.

ఎకరం వెంచర్‌లో నిబంధన ఖరీదు

నిబంధనలు ఎక్కువవడం వల్లే ధరలు పెరుగుతున్నాయని రియల్ ఎస్టేట్ వాళ్లంటారు. నిబంధనలు లేకపోవడం వల్లే కాలనీలు మునుగుతున్నాయని ఇంకొందరంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. అది ఎంతో ఒక ఎకరం మీద కొలవొచ్చు.

ఎకరం అంటే 40 గుంటలు, 4,840 గజాలు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి, అంటే 484 గజాలు. రోడ్లకు 30 శాతం పోతుందనుకుంటే 1,452. అమ్మకానికి మిగిలేది 2,904 గజాలు. రైతు దగ్గర ఎకరం కోటికి కొన్నారనుకుంటే, అమ్మే ప్రతి గజం మీదా మట్టి ధరే 3,443 రూపాయలు పడుతుంది. అనుమతి లేకుండా, ఇరుకు రోడ్లు వేసి, పార్కు లేకుండా 3,800 గజాలు అమ్ముకుంటే అదే 2,632కు దిగుతుంది. గజానికి 811 తేడా. 200 గజాల ప్లాటుకు లక్షా 62 వేలు. డ్రైనేజీ, కరెంటు స్తంభాల ఖర్చు దీనికి అదనం. కాబట్టి నిబంధన ఉట్టిగా రాదు, నిజమే.

అలా మిగిలిన డబ్బు ఎక్కడికీ పోదు, కొన్నవాళ్ల మీదికే తర్వాత వస్తుంది. 2020 ఆగస్టు 31న వచ్చిన ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) ఉత్తర్వు అలాంటి ప్లాట్లను క్రమబద్ధీకరించేందుకే. రాష్ట్రమంతటా దాదాపు 25 లక్షల దరఖాస్తులు పడ్డాయంటే అనుమతి లేని ప్లాట్లు ఎంత మామూలు సంగతో అర్థమవుతుంది. వదలాల్సిన ఖాళీ స్థలానికి బదులు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. రిజిస్ట్రేషన్ నాటి ప్రభుత్వ విలువ గజానికి 3 వేలనుకుంటే 200 గజాలకు 84 వేలు, దానిపైన క్రమబద్ధీకరణ చార్జీలు. 2025 మొదట్లో 25 శాతం రాయితీ ఇచ్చినా భారం భారమే. పైగా అంత కట్టాక కూడా పార్కు రాదు. ఇరవై అడుగుల రోడ్డు ముప్పై అవదు.

డబ్బు కన్నా పెద్ద ఖర్చు నీళ్లది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వానలకు హంటర్ రోడ్ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులున్న నేల ఇది. ఒక చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు పోవాలి. ఆ నాలా మీద ఇళ్లు లేచినప్పుడు నీళ్లు ఇళ్లల్లోకే వస్తాయి. చెరువు పూర్తి నీటిమట్టం లోపల, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్‌లో కట్టకూడదన్న నిబంధన వల్ల అమ్ముకునే జాగ తగ్గే మాట నిజం. అక్కడ ధర తక్కువగా కనపడడానికి కారణం, వరద ఖర్చును కొన్నవాళ్ల నెత్తికి ఎత్తడమే. ఈ ఒక్క విషయంలో రెండు వైపులా సమానంగా తూచడం నావల్ల కాదు.

కోత పెట్టదగ్గ నిబంధనలు వేరే ఉన్నాయి. ఒకప్పుడు చిన్న ఇంటి అనుమతికి కూడా ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చేది. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 75 గజాల లోపు జాగలో జీ ప్లస్ 1 (కింది అంతస్తు, పైన ఒకటి) దాకా అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. ఇంటి భద్రతకు సంబంధం లేని ఆలస్యాన్ని ఇది తగ్గించింది. కాయితాలు సరిగా ఉంటేనే అనుకోండి. సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాయితం మీద చేతులు మారిన జాగకు ఏ బీపాస్ పనికొస్తుంది?

రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అదే రెరా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాన్ని ధరలు తగ్గించే చట్టమని చాలామంది అనుకుంటారు. 2016 నాటి ఈ కేంద్ర చట్టం ధర జోలికి పోదు. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులు నమోదు కావాలి. కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. ఒప్పంద పత్రం లేకుండా 10 శాతానికి మించి బయానా తీసుకోకూడదు. ఇదంతా పెట్టిన డబ్బు మునగకుండా కాపాడేది. ఇంతకుముందు అనుమతులు రాకముందే "ప్రీలాంచ్" పేరుతో చౌకగా దొరికినట్టు కనిపించిన ఫ్లాటు ధరలో ఆ మునిగే ప్రమాదమే దాగి ఉండేది.

ప్లాట్లు నిండుగా, ఇళ్లు కరువుగా

"సరఫరా పెంచితే ధర తగ్గుతుంది" అన్నది ఆర్థికశాస్త్రంలో గట్టి వాదన. ఎక్కువ అంతస్తులకు, ఎక్కువ లేఅవుట్లకు అనుమతులిస్తే పోటీ పెరుగుతుందంటారు. ఫ్లాట్ల విషయంలో ఇది చాలావరకు పనిచేస్తుంది. ఒకే 300 గజాల మీద ఎనిమిది కుటుంబాలుంటే జాగ ఖర్చు ఎనిమిది భాగాలవుతుంది. మన దగ్గర భవనం ఎత్తు రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది కాబట్టి ఇరుకు రోడ్ల కాలనీల్లో ఆ దారి ముందే మూసుకుపోతుంది. ఎకరం లెక్కలో మిగిలిందనుకున్న రోడ్డు మళ్లీ ఇక్కడ అడ్డం పడుతుంది.

ప్లాట్ల విషయంలో మాత్రం ఆ వాదన తడబడుతుంది. హసన్‌పర్తి వైపు, మామునూరు వైపు, గీసుగొండ వైపు ఏ రోడ్డున పోయినా హద్దురాళ్లు పాతిన వెంచర్లే. లోపల పిచ్చి తుమ్మలు. ప్లాటు కొనేవాళ్లలో చాలామందికి అది ఇల్లు కాదు, బంగారం బదులు పెట్టిన పొదుపు. పిల్ల పెళ్లికనో కొడుకు చదువుకనో దాచుకున్నది. వాళ్లను తప్పుపట్టలేం, బ్యాంకు వడ్డీ కన్నా జాగే నయమని అనుభవం చెప్పింది. 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన, 2023లో కాజీపేటలో రైల్వే వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన, ఆ తర్వాత మామునూరు విమానాశ్రయం కబురు. పని మొదలు కాకముందే దాని పేరు బ్రోచర్ మీదికి ఎక్కుతుంది, రేటు కదులుతుంది. రేపటి ఉద్యోగాల మీద ఇవాళే ధర వసూలవుతుంది. ఆ ఉద్యోగాలకు వచ్చే కార్మికుడు దిగేసరికి చుట్టుపక్కల జాగ ఆయనకు అందనంత పైన ఉంటుంది.

దీనికి మందు ఖాళీ జాగ మీద పన్ను గట్టిగా వేయడమని ఒక వాదన. మున్సిపల్ చట్టంలో ఖాళీ స్థలం పన్ను ఇప్పటికే ఉంది. పెంచితే దాచినవాళ్లు అమ్మకానికి పెడతారని దాన్ని కోరేవాళ్లంటారు. ఒక్క ప్లాటే ఉన్న చిన్న ఉద్యోగికీ, యాభై ప్లాట్లున్న వ్యాపారికీ ఒకే దెబ్బ తగులుతుందని వద్దనేవాళ్లంటారు. ఎన్నో ప్లాటు నుంచి పన్ను పెరగాలో గీత గీస్తే ఈ అభ్యంతరం చాలావరకు తీరుతుంది. ఒకే మనిషికి ఎన్ని ఉన్నాయో బినామీలతో సహా తేల్చడమే అసలు కష్టం.

సర్కారు కట్టిన ఇల్లు, సర్కారు పైసలతో కట్టుకున్న ఇల్లు

2015 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు వరంగల్ బస్తీల్లో తిరిగి పక్కా ఇళ్లు కట్టిస్తామన్నారు. ఆ తర్వాత వచ్చిన డబుల్ బెడ్రూం పథకంలో ఇల్లు 560 చదరపు అడుగులు. రెండు పడక గదులు, హాలు, వంటగది, రెండు బాత్రూంలు. లబ్ధిదారు పైసా కట్టనక్కర్లేదు. కట్టుబడి ఖర్చు పల్లెల్లో 5 లక్షల 4 వేలుగా, పట్టణాల్లో 5 లక్షల 30 వేలుగా లెక్కగట్టారు. ఇంటి నాణ్యత పాత పథకాల కన్నా ఒక మెట్టు పైన. ఆ రేటుకు కాంట్రాక్టర్లు ముందుకు రాకపోవడం, నగరం లోపల జాగ దొరక్కపోవడం, కట్టినవి పంచకుండా ఉండిపోవడం దాన్ని దెబ్బతీశాయి. సిరిసిల్ల పక్కన మండేపల్లిలో 2021 జూలైలో వెయ్యికి పైగా ఇళ్లు ఒకేచోట పంచగలిగారు. అక్కడ పట్టణానికి ఆనుకొని పెద్ద జాగ దొరికింది. హన్మకొండ నడిమధ్య ఆ అవకాశం ఏది?

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం దీనికి తలకిందుల దారి పట్టింది. కాంట్రాక్టర్ లేడు. జాగ ఉన్నవాళ్లే కట్టుకుంటారు, ప్రభుత్వం ఐదు లక్షలు విడతలుగా ఇస్తుంది. బేస్‌మెంట్‌కు లక్ష, గోడలకు లక్షా 25 వేలు, స్లాబుకు లక్షా 75 వేలు, పూర్తయ్యాక లక్ష. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు. అడుగుకు 1,700 అనుకుంటే 400 అడుగులకు 6 లక్షల 80 వేలు అవుతుంది. లక్షా 80 వేలు ఇంటివాళ్లు కూడబెట్టుకోవాలి. బిల్లు పడేది పని అయ్యాకే కాబట్టి, బేస్‌మెంట్ దాకా పెట్టుబడి ముందే చేతిలో ఉండాలి. బాగా పేద ఇళ్లల్లో అది వడ్డీకి తెచ్చిన డబ్బు. మరోవైపు తన ఇంటి స్లాబుకు తానే దగ్గరుండి నీళ్లు పట్టే మనిషి పనిలో ఉండే శ్రద్ధ కాంట్రాక్టు బ్లాకులో తక్కువ.

మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు చొప్పున కేటాయించారు. భూపాలపల్లికీ అదే, వరంగల్ పశ్చిమకూ అదే. పల్లెలున్న చోట పాత పెంకుటిల్లు కూల్చి అదే జాగలో కట్టుకునేవాళ్లు బోలెడంత మంది. నగరంలో పేదరికం అంటే ముందు జాగ లేకపోవడమే. ఐదు లక్షల సాయం కట్టే ఖర్చు ముక్కను దాదాపు మోస్తుంది, జాగ ముక్కను ముట్టుకోదు. ఎల్2 వాళ్లకు జాగతో పాటు ఐదు లక్షలన్నది పథకంలోని హామీయే. కానీ ఐదు లక్షలు బడ్జెట్‌లోంచి తీయొచ్చు, కాజీపేట పక్కన వంద గజాలు బడ్జెట్‌లోంచి మొలవవు.

ఇక ఇందాకటి 40 వేల కుటుంబం పేదల పథకాల్లోకి రాదు, మార్కెట్ ధరను అందుకోలేదు. ఇలాంటివాళ్ల కోసమే ఒకప్పుడు హౌసింగ్ బోర్డు ఉండేది. హన్మకొండ హౌసింగ్ బోర్డు కాలనీ ఆ కాలపుదే. 2007లో మొదలైన రాజీవ్ స్వగృహ మధ్యతరగతి కోసమే వచ్చినా మధ్యలో చతికిలబడింది, మిగిలిన ఫ్లాట్లను తర్వాత ప్రభుత్వం అమ్మకానికి పెట్టింది. ఇప్పుడున్నది 2024 సెప్టెంబరులో మొదలైన పీఎం ఆవాస్ రెండో దశలోని వడ్డీ రాయితీ: ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు ఉంటే గరిష్ఠంగా లక్షా 80 వేలు. సాయమే, కాదనలేం. అయితే రాయితీ వస్తుందని తెలిస్తే అమ్మేవాళ్లు ఆ మేరకు రేటు కలిపేసే వీలూ ఉంది.

జాగ తెచ్చే దారులు

ఒక దారి ల్యాండ్ పూలింగ్. రైతుల భూమి తీసుకుని, రోడ్లూ డ్రైనేజీ వేసి, ఎకరానికి ఇన్ని గజాలని వెనక్కిచ్చి, మిగతాది ప్రభుత్వం వాడుకుంటుంది. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ 2022లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ వేల ఎకరాలకు నోటిఫికేషన్ ఇస్తే, రైతులు రోడ్డెక్కడంతో వెనక్కి తగ్గాల్సి వచ్చింది. రెండు పంటలు పండే నేలను గజాల్లోకి మార్చుకోమంటే, ఆ గజాలు చేతికొచ్చేదాకా తినేదెట్లా అన్నది వాళ్ల ప్రశ్న. పథకం కాయితం మీద దానికి జవాబు లేదు.

ఇంకో దారి, ఉన్నచోటే హక్కివ్వడం. 2014 చివర్లో వచ్చిన 58వ నంబరు జీవో ప్రకారం సర్కారు జాగలో 125 గజాల లోపు ఇల్లేసుకున్న పేదలకు ఉచితంగా పట్టా వస్తుంది. పనికీ బడికీ దూరం కాకుండా ఇది బస్తీని నిలుపుతుంది. చెరువు శిఖంలోనో (నీళ్లు నిలిచే నేలలోనో) నాలా ఒడ్డునో ఉన్నవాళ్లకు మాత్రం ఇది కుదరదు, కుదరకూడదు కూడా.

సింగపూర్ ఉదాహరణ తరచూ వినిపిస్తుంది. అక్కడ 1960లో ఏర్పాటైన ప్రభుత్వ గృహ సంస్థ ఇళ్లలో దేశవాసుల్లో దాదాపు ఐదింట నలుగురు ఉంటున్నారు. అది సాధ్యమైంది అక్కడి భూమిలో అత్యధిక భాగం ప్రభుత్వం చేతిలో ఉండడం వల్ల. ఇళ్లు కూడా 99 ఏళ్ల లీజుకే ఇస్తారు, జాగ ఎన్నటికీ చేయి దాటదు. మన దగ్గర జరిగేది దీనికి ఎదురు: నగరం లోపలి సర్కారు జాగలు వేలానికి పోతాయి, పేదల ఇళ్లకు ఊరి చివర బండరాళ్ల గుట్ట మిగులుతుంది.

కిరాయి ఇంటిని లెక్కలోకి తీసుకుంటే

అందరికీ సొంతిల్లు అన్న మాట మధ్య కిరాయిదారులు మరుగున పడిపోతారు. తెలంగాణలో ఇప్పటికీ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే ఉంది. 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల్లో నెల కిరాయి 3,500 దాటిన ఇళ్లకు అది వర్తించదు. ఇవాళ హన్మకొండలో ఆ గీత కింద ఉండే ఇల్లు ఒంటి గది మాత్రమే. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సును రెండు నెలల కిరాయికి పరిమితం చేసి, రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి అంది. దాన్ని అమలు చేయడం రాష్ట్రాల ఇష్టం.

చౌక కిరాయి ఇళ్లు ప్రైవేటుగా ఎందుకు లేవవో ఒక్క భాగహారంతో తేలుతుంది. జాగతో కలిపి 15 లక్షలు పడ్డ చిన్న ఇంటికి నెలకు 6 వేల కిరాయి వస్తే ఏడాదికి 72 వేలు, పెట్టుబడి మీద 4.8 శాతం. 8.5 శాతానికి అప్పు తెచ్చి ఎవరూ అలాంటివి కట్టరు. అదే సర్కారు జాగలో కేవలం 7 లక్షల నిర్మాణ ఖర్చుతో కడితే అదే కిరాయికి 10 శాతం దాటుతుంది. పీఎం ఆవాస్ రెండో దశలో అద్దె ఇళ్ల విభాగం ఒకటుంది. టెక్స్‌టైల్ పార్కు కార్మికులకు, ఎంజీఎం ఆసుపత్రి చుట్టూ పనిచేసే నర్సులకు, కోచింగ్‌కు వచ్చే పిల్లలకు సరిపోయేది అదే.

దీనికి మనకు కొత్త నమూనా అక్కర్లేదు. గోదావరిఖనిలో, భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లు ఇలాగే నడుస్తున్నాయి: కొలువున్నంత కాలం ఇల్లు, రిటైరయ్యాక ఖాళీ, మరమ్మతు బాధ్యత సంస్థది. ఉచితంగా పంచిన జీ ప్లస్ 3 బ్లాకుల్లో తేలనిది ఈ మరమ్మతు సంగతే. బోరు మోటారు కాలినా, సెప్టిక్ ట్యాంకు నిండినా చందాలు వసూలు చేసేవాళ్లుండరు. 24 ఇళ్ల బ్లాకులో 6 వేల కిరాయిలోంచి 500 చొప్పున పక్కన పెట్టినా నెలకు 12 వేలు జమవుతాయి. మోటారు, లైట్లు, ఊడ్చే మనిషి దాంతో నడుస్తాయి. ఆ వసూలు కార్పొరేషన్ చేస్తుందా, గృహ నిర్మాణ సంస్థ చేస్తుందా అన్నది కట్టకముందే రాసుకోవాల్సిన షరతు.